ప్యాకేజీకీ తల్లిచెట్టు ఉంటుంది

ఆ వార్త నా దగ్గరకు మొదట తెచ్చింది ధనలక్ష్మి. కాట్రేనికోన అవతల మా సంఘానికి చెందిన రొయ్యల చెరువొకటి భర్తతో కలిసి కౌలుకు చేస్తున్న మనిషి. కొత్తపేటలో మా ఆఫీసు తలుపులు తీసేసరికే అరుగు మీద కూర్చుని ఉంది. ఒళ్లో తడి తువ్వాలు చుట్టిన మూట.

"అమ్మగారండీ, గంట మోగలేదండి," అంది.

"ఎప్పుడు?"

"తెల్లారగట్లేనండి. మా ఆయన లేచి గట్టు మీదకెళ్లేసరికి రొయ్యంతా పైకొచ్చేసి కొట్టుకుంటందండి. ఏరేటర్లు వేసేం గానీ, సగం పైగా పోయిందండి. గంట మోగుంటే లేచేవోళ్లం కదండీ."

ఏడవలేదు. మూట విప్పి చూపించింది. అందులో చెరువులో ఉండాల్సిన సెన్సరు ఉంది. కొత్త గాజు గ్లాసులా మెరుస్తోంది.

"తుడవలేదంటారని పీక్కొచ్చేసేనండి. మీరే చూడండి. పూటపూటా తుడిచేనండి."

ఎందుకు తెచ్చిందో నాకు వెంటనే అర్థమైంది. మా కౌలు ఒప్పందంలో ఒక షరతు ఉంది. సెన్సరు శుభ్రంగా ఉంచకపోతే నష్టం కౌలుదారుదే, సంఘం చెరువును వెనక్కి తీసుకోవచ్చు. అంటే పంట పోయిన పొద్దునే ఆమెకు చెరువు కూడా పోయే గండం వచ్చింది. అది అక్కడే గట్టు మీద ఆమెకు తట్టింది.

నేనిప్పుడు రిటైరయ్యాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, అసలు ఉద్యోగం ఎలా ఉంటుందండీ అని అడుగుతుంటే ఇది రాస్తున్నాను. నాకు హోదా ఎప్పుడు పెరిగిందో, ఏ కాగితం ఎవరికి పంపానో రాయను. అవి ఎవరికీ పనికిరావు. రొయ్యల రైతుల సంఘంలో లినక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్లు, మా మాటలో మిషన్లు, చూసుకోవడం నా పని. చెరువు నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో సెన్సరు చెబుతుంది. ఆఫీసులోని మిషన్ తీగ ద్వారా ఆ లెక్క చూస్తుంది. తగ్గితే గట్టు మీద పాకలో సైరన్ మోగాలి. మేం దాన్ని గంట అనేవాళ్లం. అది మోగితే కాపలావాళ్లు లేచి, నీళ్లు చిలికే ఏరేటర్లు వేస్తారు, రొయ్య బతుకుతుంది. నా ఉద్యోగమంతా ఆ గంటే.

మా నాన్నగారి నారుమడి

నేను బడికి వెళ్లలేదు. చిన్నప్పుడు ఉబ్బసం ఎక్కువగా ఉండేది. వానాకాలమంతా మంచం మీదే గడిచేది. అమ్మ అక్షరాలు నేర్పింది, నాన్నగారు లెక్కలు నేర్పారు. పరీక్షలన్నీ ప్రైవేటుగానే కట్టాను. కంప్యూటరూ అలాగే ఇంట్లోనే నేర్చుకున్నాను. ఎవరో వాడి పక్కన పడేసిన మిషనూ, పత్రికతో పాటు వచ్చిన లినక్స్ డిస్కూ నాకు గురువులు. ఆ లినక్స్‌ను ఎవరో తెలియని మనుషులు రాసి, దాచుకోకుండా నలుగురికీ పంచిపెట్టారు. అమలాపురం దాకా కూడా ఒంటరిగా వెళ్లని పిల్లకు అది అందింది. సాయంత్రం దీపం పెట్టేటప్పుడు వాళ్లను ఇప్పటికీ తలచుకుంటాను. ఆ అప్పనపల్లి స్వామి నాకు ఇచ్చినవాటిలో ఇదొకటి.

నాన్నగారు కొబ్బరి మొక్కలు పెంచి అమ్మేవారు. కొనడానికి వచ్చినవాళ్లు ధర కంటే ముందు అడిగే మాట ఒకటుండేది. "తల్లిచెట్టు ఏదండీ?" మొక్కప్పుడు అన్నీ ఒకేలా ఉంటాయి. అదే ఆకుపచ్చ, అదే ఎత్తు. కాయ ఏ చెట్టుదో దాచిపెడితే, కాపుకొచ్చే ఏళ్లు వచ్చాక గానీ మోసం బయటపడదు. అప్పటికి నరికేయడం తప్ప చేసేదేమీ ఉండదు. అందుకని నాన్నగారు ఆ మాట ఎవరడిగినా నొచ్చుకునేవారు కాదు. తోటలోకి తీసుకెళ్లి చెట్టు చూపించేవారు. చూపించలేని కాయను నారుమడిలో నాటేవారే కాదు.

నా వృత్తి పాఠం అంతకు మించి పెద్దదేమీ కాదు.

ఎక్కడిదని అడగడం

ధనలక్ష్మికి మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టి, మిషన్ ముందు కూర్చున్నాను. "ఏం పాడైంది?" అని నేను వెతకలేదు. గంట మోగించే ప్యాకేజీ, అంటే ఆ పని చేసే ప్రోగ్రాము మూట, ఎక్కడిది అని అడిగాను. మొదట ఇదే అడగాలని నా గట్టి నమ్మకం. ఎక్కడిదో తెలిస్తే ఏం పాడైందో సగం తెలిసినట్టే.

అడగడం కష్టం కాదు. ఆప్ట్ పాలసీ (apt policy) అనే కమాండు కొట్టి పక్కన ప్యాకేజీ పేరు రాయండి. ఇప్పుడు మిషన్లో ఏ వెర్షన్ ఉందో, మళ్లీ ఎక్కించమంటే ఏది ఎక్కుతుందో చెబుతుంది. కింద వెర్షన్ల వరస వస్తుంది. ఇప్పుడున్నదానికి ముందు మూడు నక్షత్రాలుంటాయి. దాని కింద ఒక చిరునామా ఉంటుంది. ఆ వెర్షన్ ఏ రిపోజిటరీలో దొరుకుతుందో, అంటే ఏ నారుమడిలో ఉందో చెప్పేది ఆ చిరునామాయే. చాలామంది వెర్షన్ అంకె చదివి, "లేటెస్టేనండీ" అని లేచిపోతారు. అంకె ఎవరైనా వేసుకోవచ్చు. చిరునామా చదవండి.

ఒక్కోసారి ఏ చిరునామా ఉండదు. మిషన్ తన సొంత స్టేటస్ ఫైలునే, అంటే ఎక్కించినవాటి చిట్టానే చూపిస్తుంది. అంటే ఎవరో ఫైలు తెచ్చి చేత్తో ఎక్కించారన్నమాట. లేదా అది వచ్చిన రిపోజిటరీని తర్వాత ఎవరో తీసేసి ఉండాలి. అలాంటిది కనపడితే తక్షణం పీకేయాలనిపిస్తుంది. మా తోటి ఉద్యోగి ఒకాయన ఉత్సాహంలో అదే చేశారు. ఊరూ పేరూ లేనివన్నీ ఒకే దెబ్బకు తీసేశారు. వాటిలో చెరువు నీళ్లు పరీక్షించే మా ల్యాబులో తూకం మిషన్ నడిపే ప్యాకేజీ కూడా పోయింది. దాన్ని తయారు చేసినవాళ్లు ఏ రిపోజిటరీలోనూ పెట్టరు, ఫైలుగానే ఇస్తారు. ల్యాబు మూతపడింది, రైతులు సీసాల్లో నీళ్లు పట్టుకుని ఎండలో నిలబడ్డారు. చిరునామా లేని ప్రతిదీ చెడ్డది కాదు. అయితే దాన్ని ఎవరు తెచ్చారో, రేపు దాని మంచీ చెడూ ఎవరు చూస్తారో తెలిసిన మనిషొకరు ఉండాలి. అంతే.

మా గంట ప్యాకేజీ మేం వాడే లినక్స్ సొంత రిపోజిటరీది. నేనే ఎక్కించాను. ఆ పొద్దున మాత్రం మూడు నక్షత్రాల కింద వేరే చిరునామా ఉంది. పేరు అదే. వెర్షన్ అంకె మాత్రం పెద్దది. చిరునామాలో ఉన్న పేరు నాకు తెలిసినదే. అది మా ప్రెసిడెంటు రామభద్రం గారి అల్లుడిది.

అల్లుడుగారి సంచీ

అల్లుడు శ్రీకర్ నగరంలో ఇలాంటి చెరువుల సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీ నడుపుతాడు. మర్యాదస్తుడు, తెలివైనవాడు. అంతకు ముందు నెలలో అత్తవారింటికి వచ్చినప్పుడు, మామగారు ఫోన్లోనే చెరువులన్నీ చూసుకోవచ్చని మా మిషన్లో ఒక ప్రోగ్రాము ఎక్కించి వెళ్లాడు. నేను ఆ రోజు అప్పనపల్లి దర్శనానికి వెళ్లాను. మిషన్ పాస్‌వర్డ్ నాతో పాటు ప్రెసిడెంటు గారి దగ్గర కూడా ఉండేది. ఆయనే ఇచ్చారు.

తిరిగొచ్చి, "ఏమేం ఎక్కించారండీ?" అని అడిగాను.

రామభద్రం గారు నవ్వేశారు. "అదేంటండీ సీతగారూ, ఇంటికొచ్చిన అల్లుణ్ణి సంచీ విప్పి చూపించమంటామా?"

ఆఫీసంతా నవ్వింది. ఆ మాట దగ్గర అందరం ఆగిపోయాం. మా ప్రాంతంలో అల్లుడంటే ఏమిటో బయటివాళ్లకు చెప్పడం కష్టం. ఆయన తెచ్చింది ఏదైనా బాగుందనాలి, ఎక్కడ కొన్నారని అడగకూడదు. రొయ్యపిల్ల దించే ముందు ఏ హ్యాచరీదని పదిసార్లు ఆరా తీసే మనుషులం. కొబ్బరి మొక్కకు తల్లిచెట్టు అడిగే మనుషులం. అల్లుడుగారి సాఫ్ట్‌వేర్‌కు మాత్రం నోరు పెగల్లేదు. ఈ తప్పు ఇంకెక్కడా ఇలా జరగదేమో. మా మర్యాదే మా తలుపు తీసింది.

జరిగింది ఇది. ఫోన్ ప్రోగ్రాము కోసం శ్రీకర్ తన కంపెనీ రిపోజిటరీని మా మిషన్‌కు జోడించాడు. ఆ రిపోజిటరీలో గంట ప్యాకేజీ కూడా ఉంది. అది తన పట్నం ఖాతాదార్ల కోసం మార్చుకున్నది. పేరు అదే ఉంచి అంకె పెంచాడు. తర్వాతి వారం మామూలు అప్‌డేట్ జరిగినప్పుడు పెద్ద అంకె ఉన్నదే గెలిచింది. ఎవరూ అడగకుండానే మా గంట పోయి ఆయన గంట కూర్చుంది. అందులో సైరన్ భాగం లేదు. ఆయన ఖాతాదార్లకు అది అక్కర్లేదు. ఫోన్‌కు మెసేజీ వెళ్తే వాళ్లకు చాలు. ధనలక్ష్మి దగ్గరున్నది బటన్ల ఫోన్. ఆ గట్టు మీద దానికీ సిగ్నల్ ఉండదు.

శ్రీకర్ దొంగ కాదు. దొంగయితే అందరం జాగ్రత్త పడేవాళ్లం. ఈ పనిలో మిమ్మల్ని ముంచేది దొంగలకంటే ఎక్కువగా మంచివాళ్లే. రాసి పెట్టుకోండి.

ఆయ్ అనని రోజు

ధనలక్ష్మి నష్టం ఎవరిదో తేల్చడానికి సంఘం కార్యవర్గం కూర్చునే ముందు రామభద్రం గారు నన్ను తన గదికి పిలిచారు. నేను చూసింది చెప్పాను.

"సీతగారూ, సెన్సరు మురికిపట్టిందని రాసేసి సంతకం పెట్టేయండి. మిషన్ మనం లోపల్లోపల బాగు చేసేసుకుందాం."

"సెన్సరు శుభ్రంగా ఉందండి. మీరూ చూసేరు కదా."

"చూసేనండి. కానీ సాఫ్ట్‌వేర్ అని రాస్తే మా అల్లుడి పేరొస్తుంది. పెళ్లై ఏడాది తిరగలేదు. మా అమ్మాయి మొహం ఎలా చూడనండీ?"

"ధనలక్ష్మి మొహం ఎలా చూస్తారండి మరి?"

"ఆవిడకేదో చేద్దాం లెండి. ఈ చెరువు కాకపోతే ఇంకోటి."

మా వైపు పెద్దవాళ్లు ఒక మాట అంటే ఆయ్ అంటాం. ఒప్పుకున్నా ఆయ్, మనసులో ఒప్పుకోకపోయినా ముందు ఆయ్. నా ఉద్యోగంలో ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. ఆ గదిలో అనలేదు.

"పెట్టనండి," అన్నాను.

"రిటైరైపోయే మనిషి. ఇప్పుడెందుకండీ ఈ గొడవ? నలుగురం కలిసి శాలువా కప్పి పంపుదామనుకుంటున్నాం."

"శాలువా ఈ ఉక్కలో నేనేం చేసుకుంటానండీ? అల్లుడుగారికి పనసపొట్టు కూర పెట్టండి, పట్టుపంచె పెట్టండి, నేనే వచ్చి వడ్డిస్తాను. పాస్‌వర్డ్ మాత్రం పెట్టకండి. ఆ మనిషి తుడిచిందండి. తుడవలేదని రాసిన చేత్తో నేను ఇంటికెళ్లి దీపం వెలిగించలేను."

ఆయన లేచి పై పంచె సర్దుకున్నారు. "సరే, కార్యవర్గంలోనే తేల్చుకోండి," అన్నారు. అది బెదిరింపుగానే అన్నారు. నేను దాన్ని అనుమతిగా తీసుకున్నాను.

బకెట్టు

వాదించి లాభం లేదని తెలుసు. ప్యాకేజీ, రిపోజిటరీ అని నేను మొదలుపెడితే కార్యవర్గం పెద్దలు కళ్లు మూసుకుంటారు. అందుకని ల్యాబు నుంచి బకెట్టు తెప్పించాను. కాచి, మూతపెట్టి చల్లార్చిన నీళ్లు అందులో ఉన్నాయి. కాచిన నీళ్లలో ఆక్సిజన్ పోతుంది. ఊపిరాడక పైకొచ్చే రొయ్యకూ ఆ నీళ్లకూ సంబంధమేమిటో అక్కడున్న ప్రతి రైతుకూ తెలుసు. గట్టు మీద ఉండేలాంటి సైరనే ఆఫీసు గోడకు ఒకటి ఉంది. దాన్ని మిషన్‌కు కలిపాను. సెన్సరును కూడా మిషన్‌కు తగిలించి ధనలక్ష్మి చేతికే ఇచ్చాను.

"నువ్వే ముంచమ్మా."

ముంచింది. తెర మీద అంకె దిగడం మొదలైంది. దిగుతూ దిగుతూ ఎర్రగా మారింది. సెన్సరు చక్కగా పనిచేస్తోందని అందరికీ అర్థమైంది. సైరన్ మాత్రం నోరు తెరవలేదు.

ఆ నిశ్శబ్దంలో టింగ్ అని వినిపించింది.

అందరం చప్పుడు వచ్చిన వైపు తిరిగాం. అది రామభద్రం గారి జేబులోంచి వచ్చింది.

ఆయన ఫోన్ తీసి చూశారు. వేలితో పైకి జరుపుతూ పోయారు. ఒకచోట వేలు ఆగింది. ఆ తెల్లవారుజామున ఆయన నిద్రలో ఉండగా వచ్చిన మెసేజీ అక్కడుంది. ఫోన్ జేబులో పెట్టేసుకుని ఏమీ లేదనొచ్చు. మేమెవరమూ ఆయన చేతిలోంచి లాక్కునేవాళ్లం కాదు. ఆయన అలా చేయలేదు. బల్ల మీద అందరికీ కనపడేలా పెట్టారు. ఇందుకు ఆయనకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

ధనలక్ష్మి సెన్సరు నీళ్లలోంచి తీయకుండానే అంది. "అంటే గంట మోగిందన్నమాటండి. తమరి జేబులో మోగిందండి."

అంత మర్యాదగా అంత మాట నేను ఎప్పుడూ వినలేదు.

శ్రీకర్‌కు ఫోన్ చేసి స్పీకర్లో పెట్టారు. "అది కొత్త వెర్షన్ అండీ, పాతదానికంటే మంచిది," అన్నాడు.

"కొత్తదేనండి బాబూ. మంచిదే కావచ్చు. మా గట్టుదా, మీ ఊరిదా అని అడుగుతున్నాను," అన్నాను.

"గట్టు మీద ఫోన్ ఉండదని నాకు తెలీదండి," అన్నాడు. నిజమే. మాలో ఎవరూ చెప్పలేదు. అతిథిని అడగని ఊళ్లో అతిథికి చెప్పేవాళ్లు కూడా ఉండరు.

అందరి ముందే ఆయన రిపోజిటరీకి ప్రాధాన్యం దించాను. అంటే ఫోన్ ప్రోగ్రాము ఒక్కటే అక్కడి నుంచి రావాలి, ఇంకేదీ రాకూడదు. మా పాత వెర్షన్ అంకె చెప్పి మరీ వెనక్కి రప్పించాను. ఊరికే ఎక్కించమంటే మిషన్ పెద్ద అంకె దగ్గరే కూర్చుంటుంది. మళ్లీ బకెట్టులో ముంచమన్నాను.

సైరన్ మోగింది. కార్యవర్గం పెద్దాయన ఒకరు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "బాబోయ్, ఇంత గట్టిగానా అండీ!"

"మా నిద్ర అలాంటిదండి," అంది ధనలక్ష్మి. అప్పుడు ఏడ్చింది.

చెరువు ఆమెకే ఉంచారు. నివేదికలో ఉన్నది ఉన్నట్టే రాశాను. పోయిన పంట మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేదు. ఆ ఏడంతా ఆమె చెవులు బోసిగానే ఉన్నాయి. నాకు శాలువా రాలేదు. రామభద్రం గారు నేను దిగిపోయే దాకా నాతో పనిమాట తప్ప మాట్లాడలేదు. కానీ ఆ తర్వాత ఆఫీసులోకి ఎవరు పెన్‌డ్రైవ్ తెచ్చినా, "ఎక్కడిదండీ?" అని మొదట అడిగింది ఆయనే.

ఇక మీ సంగతి

తాళంచెవి సంగతి కూడా చెప్పాలి. ప్రతి రిపోజిటరీ తన ప్యాకేజీల మీద సంతకం చేస్తుంది. ఆ సంతకాన్ని పోల్చి చూసే కీ మీ మిషన్లో ఉంటుంది. బయటివాళ్ల కీని ఆ ఒక్క రిపోజిటరీకే కట్టేయండి. వసారా గదికిచ్చిన తాళంచెవితో దేవుడి గది తెరుచుకోకూడదు. పైగా సంతకం సరిపోతే ఎవరిదో తెలిసినట్టే తప్ప, మంచిదని తేలినట్టు కాదు. శ్రీకర్ ప్యాకేజీ మీద సంతకం నిఖార్సుగా ఉంది.

అడగడానికి సిగ్గుపడకండి. మీ పైవాడు తెచ్చినా, పైవాడి అల్లుడు తెచ్చినా, మీరు ప్రేమించే మనిషి తెచ్చినా అడగండి. నొచ్చుకుంటారు. నొచ్చుకోనివ్వండి. తల్లిచెట్టు ఉన్నవాడు నొచ్చుకోడు, తోటలోకి తీసుకెళ్లి చూపిస్తాడు. "మనవాళ్లే కదండీ" అన్న మాట వినపడినప్పుడల్లా ఆప్ట్ పాలసీ కొట్టండి. మిమ్మల్ని గయ్యాళి అంటారు, అనుమానపు మనిషి అంటారు. నన్నూ అన్నారు. నేను హాయిగా ఉన్నాను.

ఆ గొడవ తర్వాత ధనలక్ష్మి ఒక పద్ధతి పెట్టింది. నేను పెట్టింది కాదు. అప్‌డేట్ చేసిన ప్రతిసారీ ఆమె సిగ్నల్ ఉండే వంతెన దాకా నడిచొచ్చి ఫోన్ చేసేది. "ఇప్పుడు నేను పాక కాడికి ఎల్తానండి. మోగించండమ్మగారూ, ఇంటాను." కాసేపాగి మోగించేదాన్ని. మళ్లీ వంతెన దాకా వచ్చి, "ఆయ్, మోగిందండి," అని చెబితేనే నా పని అయినట్టు. తెర మీద ఎన్ని పచ్చగీతలున్నా, ఆ ఆయ్ వినేదాకా నేను కుర్చీలోంచి లేవలేదు. అంతకు ముందు తెర చెప్పేదే నేను నమ్మేదాన్ని. ఆమె నమ్మలేదు. ఆమెదే సరైన పద్ధతి.

నన్ను గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఏ ఊళ్లో, ఏ మిషన్ ముందు కూర్చున్నా, ఎవరో తెచ్చినదాన్ని ఎక్కించమంటారా అని అది మిమ్మల్ని అడిగినప్పుడు, అవునని నొక్కే ముందు ధనలక్ష్మిని ఒక్కసారి తలచుకోండి. ఆ తీగకు అవతలి కొసన, పాకలో, సైరన్ కింద నిలబడి వింటోంది.